శాంతి సంస్కృతి: బడి, ఇల్లు చేయగల పని
(మన శాఖ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడవలసినవారు నాకంటే ముందే మాట్లాడేశారు. నాకు అప్పగించిన అంశం "విద్య, సాంస్కృతిక వినిమయం ద్వారా శాంతి సంస్కృతి నిర్మాణం". ఈ పేరు వింటే సగం మంది కాఫీకి లేచిపోతారండీ అన్నాను కార్యదర్శిగారితో. "కాఫీ మీ ప్రసంగం అయ్యాకే ఇస్తాం మాస్టారూ, భయపడకండి" అన్నారు. అంచేత ధైర్యంగా మొదలుపెడుతున్నాను.

శాంతి సంస్కృతి అనే మాట ఐక్యరాజ్య సమితి వారిది. యుద్ధాలు మనుషుల మనసుల్లో పుడతాయి కనుక వాటికి అడ్డుకట్ట కూడా మనసుల్లోనే కట్టాలనే భావంతో 1945 నవంబరులో లండనులో యునెస్కో నిబంధనావళిని ఆమోదించారు. 1999 సెప్టెంబరు 13న సమితి సర్వసభ్య సభ శాంతి సంస్కృతి మీద ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసింది. 2000 సంవత్సరాన్ని శాంతి సంస్కృతి సంవత్సరంగా, ఆ తరువాతి పదేళ్లను ప్రపంచ బాలల శాంతి దశాబ్దంగా జరిపారు. బళ్లలో వ్యాసరచన పోటీలు పెట్టాం, పావురాల బొమ్మలు వేయించాం. ఆ దశాబ్దంలో ప్రపంచంలో ఎన్ని యుద్ధాలు జరిగాయో మీకు తెలియనిది కాదు. కాబట్టి ప్రకటనల సంగతి ఇంతటితో వదిలిపెడతాను.

నేను ముప్పయ్యయిదేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి. నాకు ప్రకటన కంటే ఉదాహరణ మీద నమ్మకం ఎక్కువ. డెబ్బయ్యయిదేళ్లలో మూడుసార్లు ఒకరినొకరు చంపుకున్న రెండు దేశాలు, ఫ్రాన్సు, జర్మనీ, పగ ఎలా మానాయన్నది ఈ రోజు చెబుతాను. అందులో బడి ఏం చేసింది, ఇల్లు ఏం చేసింది, ఏం చేయలేకపోయాయి అన్నది నా విషయం. చివరలో మన సంఘం ముందున్న ఒక ప్రతిపాదన గురించి కూడా మాట్లాడతాను. అసలు దాని కోసమే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

మీలో ఎవరి మనవలైనా సి.బి.ఎస్.ఇ. పన్నెండో తరగతి చదివి ఉంటే వారి ఇంగ్లీషు వాచకంలో "ఆఖరి పాఠం" అనే కథ చూసే ఉంటారు. రాసినవాడు ఆల్ఫోన్స్ దోదే అనే ఫ్రెంచి రచయిత. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయింది. ఆల్సేస్, లొరేన్ ప్రాంతాలు జర్మనీ చేతికి పోయాయి. ఇకనుంచి బళ్లలో ఫ్రెంచి చెప్పకూడదు, జర్మనే చెప్పాలని బెర్లిను నుంచి ఉత్తర్వు వస్తుంది. ఫ్రాంజ్ అనే పిల్లవాడు ఆలస్యంగా బడికి పోయేసరికి ముసలి మాస్టారు ఆఖరి ఫ్రెంచి పాఠం చెబుతుంటాడు. మా మనవరాలు దాన్ని పరీక్షకు చదువుతూ నాకు వినిపించింది. చాలా మంచి కథ. మాతృభాష విలువ చెప్పడానికి మన బళ్లలో దాన్ని వాడుకుంటున్నారు, అదీ మంచిదే.

కానీ ఆ కథ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఆల్సేస్ జనంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి కాదు, జర్మను కుటుంబానికి చెందిన ఆల్సేషియన్ మాండలికం. ఆ పిల్లవాడి పేరు చూడండి, ఫ్రాంజ్! అది జర్మను పేరే. బడిలో ఫ్రెంచి పోయినందుకు దుఃఖం నిజమే కావచ్చు. కానీ ఆ పల్లెలో చాలామందికి ఫ్రెంచి కూడా బడిలో నేర్చుకున్న భాషే.

అక్కడితో అయిందా అంటే లేదు. 1918లో జర్మనీ ఓడిపోయింది. ఆల్సేస్ మళ్లీ ఫ్రాన్సుకు వచ్చింది. ఈసారి బళ్లలోంచి జర్మను పోయింది, ఫ్రెంచి వచ్చింది. మనుషుల పుట్టుపూర్వోత్తరాలు చూసి, తాతలెవరు తండ్రులెవరు అని లెక్కలు కట్టి, ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాల గుర్తింపు కార్డులు ఇచ్చారు. లక్షమందికి పైగా జర్మనులు ఆ ప్రాంతం వదిలిపోవలసి వచ్చింది. 1940లో హిట్లరు సైన్యం వచ్చింది. ఫ్రెంచి నిషేధం. ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు, ఆఖరికి మనుషుల పేర్లు కూడా జర్మనులోకి మార్చారు. 1942 నుంచి ఆల్సేస్, మొసెల్ ప్రాంతాల కుర్రవాళ్లను లక్షమందికి పైగా పట్టుకుపోయి జర్మను సైన్యంలో చేర్చారు. 1945లో మళ్లీ ఫ్రాన్సు. మళ్లీ బళ్లు మారాయి. ఈసారి ఇంట్లో మాట్లాడుకునే మాండలికం బడిలో మాట్లాడితే చిన్నచూపు.

1871లో ఎనిమిదేళ్ల పిల్లవాడు బతికి ఉంటే 1945 నాటికి ఎనభై రెండేళ్ల ముసలివాడు. ఇల్లు కదలకుండా, వీధి మారకుండా నాలుగుసార్లు దేశం మారినవాడు. అంటే ఆ ఆఖరి పాఠం ఒక్కసారి కాదు, నాలుగుసార్లు జరిగింది. దోదే మొదటిది రాశాడు. తక్కిన మూడూ ఎవరూ మన వాచకాల్లో పెట్టలేదు. నేను పాఠ్యపుస్తకాల గురించి ఎందుకు మాట్లాడుతున్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పుస్తకంలో ఉన్నది అబద్ధం కానక్కరలేదు. నాలుగో వంతు నిజం చెప్పినా పిల్లవాడి మనసులో పగ పెంచడానికి అది చాలు.

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఈ సంగతి రెండు దేశాల మాస్టర్లకూ తెలిసింది. 1935లో ఫ్రెంచి, జర్మను చరిత్ర ఉపాధ్యాయులు పారిస్‌లో కూర్చుని, పాఠాల్లో తగవులు తెచ్చే విషయాలు దాదాపు నలభై తీసుకుని, ఒక్కొక్కదాని మీద ఉభయులకూ సమ్మతమైన వాక్యం రాసే ప్రయత్నం చేశారు. అందులో జూల్ ఇజాక్ అనే ఫ్రెంచి చరిత్రకారుడు పాల్గొన్నాడు. ఫ్రెంచి బళ్లలో తరాల తరబడి చదివిన చరిత్ర పుస్తకాల కర్త ఆయన. మొదటి యుద్ధంలో సైనికుడు, వెర్డన్‌లో గాయపడ్డవాడు. గాయపడ్డవాడే శత్రువుతో కూర్చుని పుస్తకాలు సరిచేద్దామన్నాడు. కానీ అప్పటికే జర్మనీలో హిట్లరు ప్రభుత్వం. ఆ ఒప్పందం అక్కడి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు. ఇజాక్ యూదుడు. 1943లో ఆయన భార్యనూ కూతుర్నీ పట్టుకుపోయారు. వారు ఆష్విట్జ్‌లో చనిపోయారు.

ఇంకొక ఉదాహరణ కూడా చెప్పాలి. ఇది చెప్పకపోతే నేను మీకు తియ్యటి మాటలు చెప్పి వెళ్లిపోయినట్లవుతుంది. 1930లో ఓటో ఆబెట్జ్ అనే జర్మను డ్రాయింగు మాస్టారు బ్లాక్ ఫారెస్టు కొండల్లో జోల్‌బెర్గ్ అనే చోట ఫ్రెంచి, జర్మను యువకులకు శిబిరం పెట్టాడు. పాటలు, చర్చలు, నడకలు, స్నేహాలు. చూడ్డానికి ఎంత చక్కని సాంస్కృతిక వినిమయం! ఆ ఆబెట్జే పదేళ్ల తరువాత, 1940లో, ఆక్రమిత పారిస్‌లో హిట్లరుకు రాయబారిగా కూర్చున్నాడు. యుద్ధం తరువాత అతనికి ఇరవయ్యేళ్ల శిక్ష పడింది. శిబిరంలో అతనికి జోడీగా ఉన్న ఫ్రెంచి పత్రికా సంపాదకుడు జర్మనులతో కుమ్మక్కయ్యాడని 1946లో కాల్చివేశారు. కాబట్టి కలిసి పాట పాడితే శాంతి వచ్చేస్తుందనే మాట నేను అనను. స్నేహం పేరుతో వాడుకునేవాళ్లు కూడా ఉంటారు. ఎవరు పిలుస్తున్నారు, ఎందుకు పిలుస్తున్నారు, చేసిన తప్పును ఒప్పుకుని పిలుస్తున్నారా దాచిపెట్టి పిలుస్తున్నారా అన్నది చూసుకోవాలి.

రెండో యుద్ధం తరువాత తేడా అక్కడే వచ్చింది. ఊళ్లు ముందు కదిలాయి, ప్రభుత్వాలు తరువాత కదిలాయి. 1950లో ఫ్రాన్సులోని మొంబెలియార్, జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్ జంట ఊళ్లుగా కలిశాయి. ఆ రెండు దేశాల మధ్య మొదటి జంట ఊళ్లు అవే. అప్పటి మొంబెలియార్ మేయరు లూసియన్ తరదాన్ ఎవరనుకున్నారు? జర్మనుల మీద రహస్యంగా పోరాడి పట్టుబడి, బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో నరకం చూసి బయటపడ్డ మనిషి. ఆయన చెయ్యి చాచాడు. ఇప్పుడు అలాంటి జంట ఊళ్లు రెండు వేలకు పైగా ఉన్నాయి.

పుస్తకాల పని కూడా మళ్లీ మొదలైంది. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో గేయోర్గ్ ఎకర్ట్ అనే ఆచార్యుడు పాఠ్యపుస్తకాల పరిశీలనకే ఒక సంస్థ పెట్టాడు. 1951లో ఉభయ దేశాల ఉపాధ్యాయులు ఒక ఒప్పందానికి వచ్చారు. 1914 యుద్ధాన్ని ఫలానా ఒక్క ప్రభుత్వమో ఒక్క జాతో కావాలని పన్నిందని చెప్పడానికి దొరికిన పత్రాలు చాలవన్నది అందులో ఒక ముఖ్యాంశం. మనకిది చిన్న వాక్యంలా కనిపిస్తుంది. కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్లలో ఆ వాక్యం ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఆ తరువాత పెద్దలు కలిశారు. ఫ్రాన్సు అధ్యక్షుడు ద గాల్ 1916లో వెర్డన్‌లో జర్మనులకు చిక్కి యుద్ధం ముగిసేదాకా బందీగా ఉన్నవాడు. జర్మనీ ఛాన్సలరు అడెనావర్‌ను హిట్లరు 1933లో కొలోన్ మేయరు పదవి నుంచి తీసేశాడు, 1944లో జైల్లో పెట్టాడు. 1962 సెప్టెంబరులో ద గాల్ అదే లుడ్విగ్స్‌బర్గ్ వెళ్లి జర్మను యువకులతో జర్మను భాషలోనే మాట్లాడాడు. (పక్కనే ఉన్న మన యానాం ఫ్రెంచివారి నుంచి చట్టప్రకారం మన దేశంలో కలిసింది కూడా ఆ ఏడే, ఆగస్టు 16న. అది చివరికి సంతకంతో తేలిన తగవు.) 1963 జనవరి 22న పారిస్‌లో ఒప్పందం కుదిరింది. ఆ ఏడు జులైలో ఫ్రెంచి-జర్మను యువజన కార్యాలయం ఏర్పడింది.

ఆఫీసుల్లో పనిచేసి వచ్చినవాళ్లం కాబట్టి ఆ కార్యాలయం పనితీరు మనకు ఆసక్తిగా ఉంటుంది. ఖర్చు రెండు ప్రభుత్వాలూ చెరి సగం. వెళ్లిన పిల్లలు చాలావరకు లాడ్జీల్లో ఉండరు, అవతలి దేశపు కుటుంబంలో ఉంటారు. ఈ ఇంటి పిల్లవాడు ఆ ఇంటికి పోతే, ఆ ఇంటి పిల్లవాడు ఈ ఇంటికి వస్తాడు. బడులు, ఆటల క్లబ్బులు, చేతిపనుల శిక్షణ కేంద్రాలు, అన్నిటి పిల్లలకూ అవకాశం ఉంది. ఇప్పటికి 90 లక్షలకు పైగా యువతీయువకులు ఇలా వెళ్లి వచ్చారు. తండ్రిని చంపిన దేశపు పిల్లవాడికి తల్లి తన ఇంట్లో అన్నం పెట్టిన సందర్భాలు మొదటి సంవత్సరాల్లో ఎన్నో ఉండి ఉంటాయి. అవి ఏ రికార్డులోకీ ఎక్కవు.

2003 జనవరిలో ఒప్పందం నలభయ్యో వార్షికోత్సవానికి బెర్లిన్‌లో వందలాది విద్యార్థులతో యువజన పార్లమెంటు జరిగింది. మా ఇద్దరికీ ఒకే చరిత్ర పుస్తకం కావాలని పిల్లలే అడిగారు. పెద్దలు చేశారు. మొదటి సంపుటం 2006లో, రెండోది 2008లో, మూడోది 2011లో వచ్చింది. ఫ్రెంచి, జర్మను భాషల్లో విషయం ఒక్కటే. ఆ పని సాఫీగా జరగలేదు. చిత్రమేమిటంటే హిట్లరు గురించి వచ్చిన పేచీ కంటే, 1945 తరువాత అమెరికా పాత్ర గురించి వచ్చిన పేచీ పెద్దదట. జర్మను రచయితలకు అమెరికా కాపాడినవాడు, ఫ్రెంచి రచయితలకు పెత్తనం చేసేవాడు. ఎవరిదీ కొట్టెయ్యకుండా ఇద్దరి చూపూ పక్కపక్కన వేశారు. నేను ఉద్యోగంలో ఉండగా అలాంటి పుస్తకం ఒక్కటి చేతికి వచ్చి ఉంటే తరగతిలో నా పని ఎంత తేలికయ్యేదో!

అయితే ఆ పుస్తకం ఎక్కువ బళ్లలోకి వెళ్లలేదు. జర్మనీలో 16 రాష్ట్రాలకు వేరువేరు సిలబస్‌లు, ఫ్రాన్సులో పరీక్షల తీరు వేరు. పరీక్షలో రానిది చదవని పిల్లలు మన దగ్గరే కాదు, అన్నిచోట్లా ఉన్నారు. ఒకరి భాష ఒకరు నేర్చుకునేవాళ్లు కూడా తగ్గుతున్నారు, అందరూ ఇంగ్లీషుకే పోతున్నారు. 2020 మార్చిలో కరోనా వచ్చి సరిహద్దు మూసినప్పుడు, అప్పటిదాకా రోజూ పనికి వచ్చిపోయే ఫ్రెంచివాళ్లను సరిహద్దు దగ్గర కొందరు తిట్టారు, అవమానించారు. అక్కడి మంత్రులు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. డెబ్బయ్యేళ్ల శ్రమ తరువాత కూడా! కానీ ఇది కూడా చూడండి. స్ట్రాస్‌బర్గ్ నుంచి రైను నది దాటి జర్మనీలోని కేల్ ఊరికి 2017 నుంచి ట్రాము బండి నడుస్తోంది. ఏ నది ఒడ్డున సైన్యాలు మోహరించాయో ఆ నది మీదుగా ఇప్పుడు జనం కూరగాయల సంచులతో దాటుతున్నారు.

ఆ దేశాల కలయికకు బొగ్గు, ఉక్కు వ్యాపారం, రష్యా భయం, అమెరికా డబ్బు కూడా కారణాలు. పిల్లల రాకపోకల వల్లనే యుద్ధాలు ఆగాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఒప్పందం సంతకాలతో కుదురుతుంది. అది ఇంట్లోకి రావాలంటే మాత్రం మనిషి రావాలి.

ఎలా వస్తే మేలు? గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికను మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో దురభిప్రాయాల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతి తేల్చాడు. ఊరికే ఎదురుపడితే ద్వేషం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. ఇద్దరూ సమానస్థాయిలో కలవాలి. ఇద్దరికీ ఉమ్మడి పని ఉండాలి. ఆ పని ఒకరి సాయంతో ఒకరు చేయాలి. పైన ఉన్న పెద్దలు దాన్ని సమర్థించాలి. మనం యాత్రాస్పెషల్ బస్సులో కాశీ వెళ్లి, మన వంటవాడి చేతి పప్పుచారు తిని, మన పాటలే పాడుకుని తిరిగి వస్తాం. పుణ్యం వస్తుందేమో గాని కాశీ మనిషి మనకు తెలియడు.

మన దేశంలో దీనికి చక్కని ఉదాహరణ నవోదయ విద్యాలయాలు. 1986 నుంచి నడుస్తున్నాయి. మన పెద్దాపురంలోనూ ఒకటి ఉంది. తొమ్మిదో తరగతిలో దాదాపు 30 శాతం మంది పిల్లలను ఒక ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నుంచి ఇతర భాషల రాష్ట్రాలకూ, ఇక్కడినుంచి అక్కడికీ పంపుతారు. అది విహారయాత్ర కాదు, ఏడాది కాపురం. పక్క మంచం వాడికి జ్వరం వస్తే భాష తెలియకపోయినా చూసుకోవాలి. సర్కారు పథకాల్లో లోపాలు వెతకడం మనకు అలవాటే గాని, ఈ ఒక్క పథకానికి మాత్రం నా ఓటు. ఇక పాఠ్యపుస్తకాల విషయంలో మన దేశం, పాకిస్తాన్ ఒకే స్వాతంత్ర్యోద్యమాన్ని బళ్లలో రెండు వేరు కథలుగా ఎలా చెబుతున్నాయో కృష్ణకుమార్ గారు 2001లో ఒక పుస్తకమే రాశారు. ఆయన తరువాత ఎన్.సి.ఇ.ఆర్.టి. డైరెక్టరుగా చేశారు. ఆసక్తి ఉన్నవారు చదవండి. అది పెద్ద విషయం, ఈ సభకు మించినది.

మన సభకు సరిపోయే విషయానికి వస్తాను.

2014లో రాష్ట్రం రెండయింది. మన సంఘమూ రెండయింది. మనలో చాలామంది హైదరాబాదులో, వరంగల్లులో, కరీంనగర్లో పనిచేసి వచ్చినవాళ్లమే. ఉద్యోగుల పంపకాలు 58, 42 అంటూ లెక్కలు వేసుకున్న రోజుల్లో ఒకే గదిలో టిఫిను పంచుకున్నవాళ్లు మాటలు మానుకున్న సంగతి మీకు తెలుసు. ఎవరిది న్యాయం అన్న చర్చ నేనిప్పుడు ఎత్తను. ఇరువైపులా బాధలున్నాయి. ఇరువైపులా అనవసరంగా అన్న మాటలూ ఉన్నాయి. నా బెంగ పిల్లల గురించి. ఇప్పుడు పదకొండేళ్ల పిల్లవాడికి ఉమ్మడి రాష్ట్రం అంటే తెలియదు. రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలు వేరయ్యాయి. అది సహజమే. తెలంగాణ చరిత్రకు పాత పుస్తకాల్లో చోటు చాల్లేదన్న మాటలో నిజం ఉంది, వారు దాన్ని సరిచేసుకున్నారు. కానీ అవతలి పిల్లవాడి గురించి ఇవతలి పిల్లవాడికి ఎవరు చెబుతున్నారు? ఫోనులో వచ్చే వెక్కిరింపు వీడియోలు చెబుతున్నాయి. మన సినిమాలు ఎన్నో ఏళ్లు తెలంగాణ యాసను రౌడీకీ, హాస్యగాడికీ ఇచ్చాయి. ఈ మధ్యనే కథానాయకుడి నోట వింటున్నాం.

నేను 1980 ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తుండగా వరంగల్లు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి కొడుకు ఎనిమిదో తరగతిలో చేరాడు. మొదటి వారంలోనే మధ్యాహ్నం అన్నాల దగ్గర "సల్ల" అన్నాడట. మన పిల్లలు విరగబడి నవ్వారు. వాడు రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు నేను పాఠం ఆపి, "చల్లకొచ్చి ముంత దాచినట్లు అనే సామెత మీలో ఎవరికి తెలుసురా?" అని అడిగాను. అందరూ చేతులెత్తారు. "చల్ల అంటే ఏమిటి?" తెల్లమొహాలు. ఆ కుర్రవాణ్ణి లేపి చెప్పమన్నాను. "మజ్జిగ సార్" అన్నాడు. మనం సామెతలో దాచుకుని మరిచిపోయిన మాట వాళ్ల ఇంట్లో రోజూ నడుస్తోంది! తరువాత వాడూ మన పిల్లలూ కలిసి వంద మాటల పట్టిక తయారుచేశారు. అంగి, చొక్కా, అనిగెపుకాయ, సొరకాయ, ఇలాగ. నేను పెట్టిన పరీక్షల్లో వాళ్లు ఇష్టంగా చదివినది అదొక్కటే. ఆల్‌పోర్ట్ పేరు అప్పటికి నేను వినలేదు లెండి.

ఇప్పుడు ప్రతిపాదన. కరీంనగర్లోని మన పాత మిత్రులు కొందరు రాశారు. అక్కడి పెన్షనర్ల మనవలు పదిమంది, ఇక్కడి మనవలు పదిమంది, వేసవి సెలవుల్లో పది రోజులు ఇక్కడ, పది రోజులు అక్కడ, ఇళ్లలోనే ఉండేటట్లు. కార్యవర్గంలో దీని మీద అభిప్రాయభేదం ఉంది. ముగ్గురు వద్దన్నారు. వారి మాటల్లో పస లేకపోలేదు కనుక ఒక్కొక్కటి చెబుతాను.

సంక్షేమ నిధి మందులకూ అంత్యక్రియలకూ గాని పిల్లల షికార్లకు కాదన్నారు. నిజం. అందుకే నిధి ముట్టవద్దని నా అభిప్రాయం. రైలు ఖర్చు ఎవరిది వారు పెట్టుకోవాలి. ఇంటికి వచ్చిన పిల్లవాడికి తిండి మన ఇంటి తిండే. దానికి బిల్లు లేదు.

ఆడపిల్లల బాధ్యత ఎవరిదన్నారు. చాలా సరైన ప్రశ్న. ఆడపిల్లలు ఇద్దరిద్దరు ఒకే ఇంట్లో, ఇంట్లో ఆడవారు ఉన్నచోట మాత్రమే ఉండాలి. రాత్రి ప్రయాణాలు వద్దు. రోజూ సాయంత్రం తల్లితో ఫోనులో మాట్లాడించాలి. ప్రతి జట్టుకూ ఇద్దరు పెద్దలు వెంట వెళ్లాలి. నేను వెళ్తాను, మోకాళ్లు సహకరిస్తే.

వేసవిలో పిల్లలకు కోచింగులు ఉంటాయన్నారు. దీనికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు, కోపం ఉంది. అందుకే పదో తరగతి, ఇంటరు పిల్లలను వదిలి ఎనిమిది, తొమ్మిది చదివేవారిని తీసుకుందామంటున్నాను.

నాలుగో అభ్యంతరం ఎవరూ పైకి అనలేదు గాని నాకు వినిపించింది. "వాళ్లు మనల్ని అన్ని మాటలన్నారు కదా" అని. వాళ్లూ కరీంనగర్లో కూర్చుని అదే అనుకుంటూ ఉంటారు. బూకెన్‌వాల్డ్ నుంచి వచ్చిన మేయరు సంగతి ఇందాక చెప్పాను.

అక్కడికి వెళ్లి పిల్లలు ఏం చేయాలి? బ్యానర్లు వద్దు, ఉపన్యాసాలు అసలే వద్దు. నాలాంటివాళ్లకు మైకు ఇవ్వకండి. పిల్లలకు ఉమ్మడి పని ఉండాలి. ఇరువైపుల తాతలను, అమ్మమ్మలను అడిగి మాటలు, వంటలు, ఆటలు సేకరించి ఒక పుస్తకం రాయాలి. మన పూతరేకులు ఎలా చుడతారో వారు చూడాలి, సకినాలు ఎలా తిప్పుతారో మనవారు నేర్చుకోవాలి. (తినడం నేర్పనక్కరలేదు.) గోదావరి మనకంటే ముందు వారి ధర్మపురిని, మంథనిని చూసి వస్తుంది. ఆ ఒడ్డున నిలబడాలి. విజయవాడ నుంచి విశ్వనాథ సత్యనారాయణగారు వెళ్లి కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారని, ఆయన వేయిపడగలు నవలను ఆ జిల్లా వాడైన పి.వి. నరసింహారావుగారు హిందీలోకి అనువదించారని ఎంతమంది పిల్లలకు తెలుసు? తాతలకైనా తెలుసా అని నా అనుమానం.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెడదాం. వచ్చిన పిల్లవాడు ఏ యాసలో మాట్లాడినా దిద్దకూడదు. వెళ్లిన మన పిల్లవాణ్ణి కూడా వారు దిద్దరు. ఏదైనా నొచ్చుకునే మాట వస్తే దాచకుండా ఆ రాత్రే పెద్దల దగ్గర చెప్పుకోవాలి. 2014 సంగతి పిల్లలు అడిగితే తప్పించుకోవద్దు. మన వైపు చెప్పి, "అవతలి తాతగారిని కూడా అడుగు" అనాలి. పుస్తకంలో రెండూ పక్కపక్కన రాయనివ్వాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు కార్యవర్గ సమావేశం ఇదే హాల్లో ఉంది. ఈ ప్రతిపాదన మీద అక్కడ ఓటు జరుగుతుంది. సభ్యులందరూ రావచ్చు, మాట్లాడవచ్చు. ఒక పిల్లవాడికి పది రోజులు ఇంట్లో చోటు ఇవ్వగలవారు, తమ మనవణ్ణో మనవరాలినో పంపదలచినవారు, పిల్లల పేరు, తరగతి, శాకాహారమో మాంసాహారమో, ఏవైనా మందులు వాడుతుంటే ఆ వివరం ఒక కాగితం మీద రాసి కార్యదర్శిగారికి ఇవ్వండి. పిల్లల తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. తాతల సంతకం చెల్లదు. కాఫీ సిద్ధమైందని అటునుంచి సైగ చేస్తున్నారు.